రాట్నం ఆగితే వినపడాలి

మా ఇంట్లో నిశ్శబ్దానికి రెండు వేల రూపాయలకి మించి పెట్టకూడదని ముందే అనుకున్నాను.

మాది పొందూరు. రెండు గదులు, ముందు ఒక వసారా. వసారాలో అమ్మ రాట్నం. దాన్ని ఆనుకుని ఉన్న గదిలో నా బల్ల, కంప్యూటరు. 2020లో హైదరాబాదు నుంచి పెట్టె సర్దుకుని వచ్చినప్పుడు రెండు నెలల ముచ్చటే అనుకున్నాను. కంపెనీవాళ్ళు ఇంటి నుంచే చేసుకోమన్నారు, నేనూ తిరిగి వెళ్ళలేదు. అప్పటినుంచి అమ్మ పనీ నా పనీ ఒకే తలుపుకి అటూ ఇటూ సాగుతున్నాయి.

పొందూరు ఖద్దరు గురించి మీరు వినే ఉంటారు. గాంధీగారు ఈ నూలు సన్నదనం గురించి విని, సంగతేమిటో చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపారని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం, విల్లుతో ఏకడం, ఏకులు చేసి అరటి దొప్పలో దాచుకోవడం, ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు నూలు వడకడం, వీటన్నిటికీ ఫోటోలున్నాయి, వ్యాసాలున్నాయి. చప్పుళ్ళ గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. వాలుగ దవడ పత్తిలో సర్రు సర్రుమంటుంది. ఏకేటప్పుడు విల్లు నారి టుంగు టుంగుమంటుంది. పక్కింట్లో గుంటమగ్గం టకటకలాడుతుంది. మా వసారాలో రాట్నం పొద్దున్న ఎనిమిదింటికి గుర్రుమని మొదలై, మధ్యాహ్నం అన్నం వేళ దాకా అలా తిరుగుతూనే ఉంటుంది. వీటికి తోడు సీలింగు ఫాను, కుక్కరు కూత, కూరగాయల ఆటో మైకు. నాకు రోజూ నాలుగైదు గంటల మీటింగులు.

"మీ దగ్గర ఏదో మిషను నడుస్తోందా?" అని ఒకరోజు మా టీం లీడరు అడిగాడు. రాట్నం అని చెప్పబుద్ధి కాలేదు. ఫాను పాడయిందన్నాను. ఆ రాత్రి కూర్చుని ఇయర్‌బడ్స్ వెతకడం మొదలుపెట్టాను.

మొదటిసారి బోల్తా పడ్డాను. తొమ్మిది వందల్లో ఒకటి కనిపించింది. డబ్బా మీద ఈఎన్‌సీ అని పెద్ద అక్షరాలు. చప్పుడు తగ్గించేదే కదా అని కొన్నాను. వచ్చింది, పెట్టుకున్నాను. ఫాను ఫానులాగే ఉంది, రాట్నం రాట్నంలాగే ఉంది. చిత్రమేమిటంటే, మర్నాడు టీం లీడరు "ఇవాళ మీ లైను బావుంది" అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఈఎన్‌సీ పనిచేసేది మన మైకు మీద. మన గొంతు వెనకున్న చప్పుడుని తగ్గించి అవతలివాళ్ళకి పంపుతుంది. లాభం వాళ్ళకి, మన చెవికి ఒరిగేదేం లేదు. మన చెవికి కావలసింది ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా. తక్కువ ధరవాటిలో ఈ రెండిటినీ కలిపి 'నాయిస్ క్యాన్సిలేషన్' అని రాసేస్తుంటారు. అది ఎవరి చెవికో చదువుకోవాల్సిన పూచీ మనదే. నేను చదువుకునేసరికి వెనక్కిచ్చే గడువు అయిపోయింది. దాన్ని మా అప్ప కొడుక్కి ఇచ్చేశాను.

రెండోసారి కొనేముందు, అసలిది ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాకే డబ్బు తియ్యాలనుకున్నాను.

సంగతి చిన్నదే. శబ్దమంటే గాలిలో అల. చెరువులో ఒక అల మిట్ట మీదికి ఇంకో అల పల్లం సరిగ్గా వచ్చి కలిస్తే ఆ చోట నీరు కదలకుండా ఉన్నట్టుంటుంది. ఇయర్‌బడ్ బయటున్న చిన్న మైకు బయటి చప్పుడు వింటుంది, లోపలి స్పీకరు దానికి సరిగ్గా తిరగేసిన అల పుట్టిస్తుంది. రెండూ చెవిలో కలిసి చల్లారతాయి. పాల్ ల్యూగ్ అనే జర్మన్ ఆయన దీనికి 1936లోనే అమెరికాలో పేటెంటు సంపాదించాడు. ఆలోచన అప్పటిదే అయినా, అంత వేగంగా లెక్క కట్టే సరంజామా చాలాకాలం లేదు. 1978లో అమర్ బోస్ జూరిక్ నుంచి బోస్టన్‌కి విమానంలో వెళ్తూ, వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజను మోత తప్ప పాట వినపడక విసుగెత్తి, అక్కడే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టాడట. ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్ అమ్మకానికి తెచ్చేసరికి 1989 అయింది. ఈ అమర్ బోస్ తండ్రి ననీ గోపాల్ బోస్ బెంగాలీ, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి వెళ్ళి, ఇక్కడుంటే లాభం లేదని 1920లో అమెరికా దాటిపోయిన మనిషి. నూలు వడికేవాళ్ళ ఊళ్ళో కూర్చుని ఈ సంగతి చదివితే నాకు ఆయన ఏదో దూరపు చుట్టంలా అనిపించాడు.

ఇక్కడే ఒక కిటుకుంది. బరువుగా, ఒకే తీరుగా సాగే మోతకి అల పొడుగు ఎక్కువ. సెకనుకి వంద కంపనాల మోత తీసుకుంటే ఒక్కో అల మూడు మీటర్ల పైనే. మిషను లెక్కలో ఆవగింజంత ఆలస్యమైనా పెద్ద తేడా రాదు. కుక్కరు కూతలాంటి కీచు శబ్దానికి అల పొడుగు జానెడు కూడా ఉండదు. అక్కడ ఆవగింజంత ఆలస్యమైతే మిట్టకి పల్లం బదులు మిట్టే వచ్చి తగులుతుంది. అందుకని ఏఎన్‌సీ ఫాన్లు, రైళ్ళు, విమానాలు, జనరేటర్ల మోతల్ని బాగా మింగుతుంది. మాటలు, కూతలు, ఉన్నట్టుండి వచ్చే దబదబలు చాలామటుకు అలాగే ఉండిపోతాయి. వాటిని ఆపాల్సింది చెవిలో దూర్చే సిలికాన్ టిప్పు. అది బిరడాలాగా బిగుసుకోకపోతే ఎంత ఖరీదైన ఏఎన్‌సీ అయినా దండగ.

ఇంత తెలిశాక బజారు కొంచెం తేలికపడింది. ఆపిల్ వాళ్ళు 2019లో ఎయిర్‌పాడ్స్ ప్రోని మన దేశంలో 24,900 రూపాయలకి దించారు. ఇప్పుడు అదే రకం సదుపాయం బోట్, రియల్‌మీ, వన్‌ప్లస్ లాంటివాళ్ళ దగ్గర రెండు మూడు వేలలో దొరుకుతోంది. నాయిస్ అనే పేరుతోనే ఒక కంపెనీ ఉంది, నాయిస్ క్యాన్సిలేషన్ కూడా అమ్ముతుంది. చప్పుడు అమ్మేదీ వాళ్ళే, ఆర్పేదీ వాళ్ళే అని నవ్వుకున్నాను.

డబ్బాల మీద 25, 32, 45 డెసిబెల్స్ అని అంకెలుంటాయి. పది డెసిబెల్స్ తగ్గిందంటే శబ్దశక్తి పదో వంతుకి పడిపోయినట్టు, ఇరవై అంటే నూరో వంతుకి. కాబట్టి చిన్న అంకెలేం కావు. కాకపోతే ఆ అంకె సాధారణంగా ఏదో ఒక శ్రుతి దగ్గర వచ్చిన అత్యధికం, అన్ని చప్పుళ్ళకీ కాదు. బ్యాటరీ గంటలూ అంతే, డబ్బా చార్జింగు కూడా కలిపి, ఏఎన్‌సీ ఆపేసి లెక్క కడుతుంటారు. ఆన్ చేస్తే తగ్గుతుంది. నేను వీటిని పక్కనపెట్టి, మూడు సైజుల టిప్పులిచ్చే ఒకటి చూసుకుని పద్దెనిమిది వందలకి కొన్నాను.

పెట్టుకుని నొక్కగానే ఫాను పోయింది. నిజంగానే, ఎవరో స్విచ్ ఆపినట్టు. తలెత్తి చూస్తే తిరుగుతూనే ఉంది. రాట్నం గుర్రు కూడా పోయింది, కదురు కిచకిచ ఎక్కడో సన్నగా మిగిలింది. పాట చిన్నగా పెట్టుకునేసరికి అదీ పోయింది. పక్కింటి మగ్గం టకటక దూరంగా జరిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో నా తలకాయ నాకు వినపడినట్టయింది.

"ఏట్రా నాయినా, సెవుల్లో ఆ గింజలేటి?" అంది అమ్మ.

"బయటి చప్పుడు వినపడకుండా చేస్తాదే."

"ఎంతయ్యిందేటి?"

"ఎనిమిది వందలు."

వెయ్యి తగ్గించి చెప్పాను. తగ్గించిన తర్వాత కూడా ఆవిడ మొహంలో ఎన్ని చిలపల డబ్బులో అన్న లెక్క కనపడింది. ఏమీ అనలేదు, మళ్ళీ రాట్నం పట్టుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు హాయిగా పనిచేశాను. ఆవిడకి షుగరుంది. మాత్ర వేసుకుని వేళకి తినాలి. ఆరోజు నాకు మీటింగు సాగింది, అన్నం ఆలస్యమైంది. ఒంటిగంటన్నర దాటాక ఇయర్‌బడ్స్ తీసి బయటికొచ్చాను. అమ్మ గోడకి చేరబడి ఉంది. ఒళ్ళంతా చెమట. చేతిలో ఏకు అలాగే ఉంది, దారం తెగి కదురుకి వేలాడుతోంది. పంచదార నీళ్ళు తాగించాను. పావుగంటకి తేరుకుంది. "రెండుసార్లు పిల్సేన్రా. పలకనేదు. పన్లో ఉన్నావనుకున్నాను" అంది. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు, అదే నాకు తట్టుకోవడం కష్టమైంది.

పిలుపు వినపడకపోవడం ఒక్కటే కాదు. ఆ రాత్రి పడుకున్నాక నాకు తోచింది మరొకటి. ఇన్నేళ్ళూ నన్ను విసిగిస్తోందనుకున్న రాట్నాన్ని నేను రోజంతా వింటూనే ఉన్నానన్నమాట. అది ఆగితే దారం తెగిందని, అతుక్కోగానే మళ్ళీ మొదలవుతుందని తెలుసు. కొంచెం ఎక్కువసేపు ఆగితే మంచినీళ్ళకి లేచిందని, ఎవరో వచ్చారని. ఇంకా ఎక్కువసేపైతే పని మధ్యలోనైనా తలుపువైపు చూసేవాణ్ణి. ఎందుకు చూస్తున్నానో కూడా అనుకోకుండానే. ఆ రోజు రాట్నం ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. ఒకే తీరుగా సాగే మోత దేనికీ పనికిరాదన్నది మిషను లెక్క. విమానంలో అది నిజమే, ఇంజను ఆగిందో లేదో చూసుకోడానికి పైలట్ ఉంటాడు. మా వసారాకి నేను తప్ప ఎవరున్నారు?

ఇయర్‌బడ్స్ పారెయ్యలేదు. పారెయ్యాల్సిన తప్పు అవేం చెయ్యలేదు. పైగా వాటివల్ల మంచి కూడా ఉంది. చుట్టూ మోత ఉన్నప్పుడు మనం దాన్ని దాటి వినాలని గొంతు పెంచుతూ పోతాం. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు తరిగిపోతాయి. చుట్టూ మోత తగ్గితే సగం గొంతుతో సరిపెట్టుకోవచ్చు. ఫాను కింద, రైల్లో అది చిన్న లాభం కాదు. నేను విశాఖ వెళ్ళి వచ్చే రోజుల్లో రైల్లో రెండు చెవులకీ పెట్టుకుని ఏఎన్‌సీ పూర్తిగా పెట్టేస్తాను.

ఇంట్లో మాత్రం పద్ధతి మార్చాను. కుడి చెవికి ఒక్కటే. ఎడమ చెవి వసారావైపు ఖాళీ. రెండూ తప్పనిసరైతే ట్రాన్స్‌పరెన్సీ అని ఒక మోడ్ ఉంటుంది, బయటి చప్పుడుని మైకుతో పట్టి లోపలికి వినిపించేది. కొనేటప్పుడు నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, అదృష్టంకొద్దీ ఉంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది అదే. ఒక్క బడ్ విడిగా పనిచేస్తుందా, బయటిది వినిపించే మోడ్ ఉందా, టిప్పు మీ చెవికి బిగుస్తుందా, ఈఎన్‌సీని చూసి ఏఎన్‌సీ అనుకుంటున్నారా, ఇవి చూసుకోండి. డెసిబెల్స్ తర్వాత. వాటికన్నా ముందు, మీ ఇంట్లో ఏ చప్పుడు పోవాలో, ఏది ఉండాలో ఒక కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు.

మొన్న అమ్మకి ఒకసారి పెట్టి చూపించాను. రాట్నం తిప్పుతూ ఏఎన్‌సీ నొక్కాను. రెండు చుట్లు తిప్పింది, దారం తెగింది. అతికి మళ్ళీ తిప్పింది, మళ్ళీ తెగింది. తీసి నా చేతిలో పెట్టేసింది.

"రాట్నం ఇనపడకపోతే సెయ్యి ఆడతలేదురా. నీకెలా ఆడతాందో" అంది.

ధర సంగతి కూడా చెప్పేశాను. పద్దెనిమిది వందలా అని ఒక్క క్షణం రాట్నం ఆపింది. తర్వాత తిప్పుకుంటూ, ఆ కుడిచెవిది పాడైతే ఎడంది పెట్టుకోవచ్చా అని అడిగింది. పెట్టుకోవచ్చన్నాను. "అయితే పర్నేదు, జతకి రెండు కొన్నట్టే" అంది.

మీటింగు మొదలైంది. మైకు ఆపేసి, ఎడమ చెవిని వసారాకి వదిలి కూర్చున్నాను. గుర్రుమంటోంది.