ఈజార్ నది లంకలో నొక యుద్ధవిమానము

జర్మనీదేశమునందలి బవేరియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు మ్యూనిక్ నగరము ఈజార్ నది యొడ్డున నున్నది. నది రెండు పాయలైన చోట నేర్పడిన లంకలో ‘డాయిషెస్ మ్యూజియం’ అను ప్రదర్శనశాల కలదు. గోదావరి లంకలను జూచిన సోదరీమణులకు లంక యనగానే కొబ్బరితోటలును అరటితోటలును స్ఫురించును. ఈ లంకనిండ యంత్రములే! ఆస్కార్ ఫాన్ మిల్లర్ అను విద్యుచ్ఛాస్త్ర నిపుణుడు 1903లో దీనిని స్థాపించెను. లంకలోని భవనము 1925లో తెరువబడెను. 1944లో బాంబులు పడి చాలవరకు పాడుకాగా, యుద్ధానంతరము మరల గట్టిరి. వంతెనలు, వైద్యము, విమానములు, సంగీతవాద్యములు అన్నియు జూడవలెనన్న నొకదినము చాలదు. కాళ్లు నొచ్చుట మాత్రము నిశ్చయము.

ఇందలి విమానములలో మెస్సర్‌ష్మిట్ 262 అనునది యొకటి. యుద్ధములో బాల్గొన్న తొలి జెట్ విమానములలో నిదియు జేరినది. దీని ముక్కున దిరుగు పంకా లేదు. రెక్కల క్రింద నిరువైపుల రెండు లావుపాటి గొట్టములున్నవి. ఆ గొట్టములు ముందునుండి గాలిని బీల్చి, లోపల నదిమి, చమురుతో మండించి, వేడివాయువును వెనుకకు జిమ్మును. ఆ చిమ్ముటచేతనే విమానము ముందుకు ద్రోయబడును. దీపావళినాడు నిప్పురవ్వలను క్రిందికి గ్రక్కుచు తారాజువ్వ పైకెగయుటను జూచిన పిల్లవానికి గూడ నీ త్రోపుడు సంగతి తెలియును.

జెట్ యంత్రములతో నిది మొదటిసారి 1942 జూలై 18వ తేదీన లైప్‌హైమ్ అనుచోట నెగిరెను. గంటకు దాదాపు 870 కిలోమీటర్ల వేగము! నాటి శత్రువిమానములేవియు దీనిని దరిమి పట్టజాలకుండెను. మొత్తము 1,400కు పైగా నిర్మింపబడెను. అయినను దీనికి రెండు దోషములు పట్టుకొనెను. నికెలు మొదలగు లోహములు జర్మనీకి దొరకని దినములవి. వేడికి దాళలేని సామాన్యపు టుక్కుతో జేయుటచే యంత్రములు పది మొదలు ఇరువదియైదు గంటలలోపలనే చెడిపోయెడివి. రెండవది, ఎగురుటకన్న దిగుటయే దీనికి గండము. వేగము తగ్గించిన పిమ్మట మరల హెచ్చింపబోయిన యంత్రము వెంటనే మాటవినదు. తొందరించిన మంటలకు లోనగును. ఈ గుట్టు తెలిసిన శత్రువులు విమానాశ్రయములకడనే కాచియుండి, దిగుచున్నవానిని గూల్చుచుండిరి.

ప్రదర్శనశాలలోని విమానము దిగినకథ వేరు. 1945 ఏప్రిల్ 25వ తేదీన హాన్స్ గ్విడో మూట్కె అను యువకుడు దీనిని నడపుచు స్విట్జర్లండులోని జూరిచ్ చెంతనున్న డ్యూబెన్‌డార్ఫ్ విమానాశ్రయమున దింపెను. చమురు తరిగిపోవుటచేత దిగవలసివచ్చెనందురు. అప్పటికి మిగిలినది 80 లీటర్లు. నిమిషమునకు 35 లీటర్లు త్రాగు విమానమది! వంటనడుమ నూనె నిండుకొన్న చింతకు పొరుగింటి గిన్నె యుపాయము. ఆకాశమున నట్టి పొరుగు లేదుగదా. స్విట్జర్లండువారు యుద్ధములో జేరనివారగుటచే విమానము నటనే నిలిపివేసి, 1957లో జర్మనీకి దిరిగి యిచ్చిరి. మూట్కె తరువాత వైద్యము చదివి స్త్రీరోగ చికిత్సకుడయ్యెను. ఆ ఏప్రిల్ నెలలోనే తాను ధ్వనికన్న వేగముగ నెగిరితినని యాతడు చెప్పుకొనెను గాని, పండితులు పెక్కురు దానిని నమ్మరు. నాకును నమ్మబుద్ధి కాలేదు.

విమానముయొక్క నునుపైన యొడలు జూచి మెచ్చుకొనువారు, ఇట్టివానిని జేసిన చేతులెవ్వరివో గూడ నెరుగవలెను. ఆస్ట్రియాలోని గూజెన్‌వద్ద భూమిలో సొరంగములు త్రవ్వించి, నాజీలు ఖైదీలచేత వీని యొడళ్లను జేయించిరి. వేలకొలది జనులచట మడిసిరి. మ్యూనిక్‌నకు పడమట లాండ్స్‌బెర్గ్ దాపుననున్న కౌఫెరింగ్ శిబిరములలో, ఈ విమానముల కర్మాగారమునకై బ్రహ్మాండమైన కాంక్రీటు కట్టడములను యూదు ఖైదీలచేత గట్టించిరి. సిమెంటు మూటలు మోయుట, అరకొర తిండి, మంచు. కట్టడములు ముగియకయే యుద్ధము ముగిసెను. వానినుండి యొక విమానమైనను వెలువడలేదు.

ఆ శిబిరములలో నొకచోట హంగెరీనుండి తేబడిన గర్భవతులు ఏడుగురుండిరి. గర్భవతియని తెలిసిన యూదుస్త్రీని నాజీలు సాధారణముగ బ్రతుకనిచ్చెడివారు కారు. అట్లుండియు 1944 డిసెంబరు మొదలు 1945 ఫిబ్రవరి వరకు, గడ్డకట్టు చలిలో, ఈ యేడుగురును ప్రసవించిరి. తానును ఖైదీయేయగు హంగెరీ వైద్యుడొకడు వారికి పురుడు పోసెను. మూట్కె స్విట్జర్లండున దిగిన నాలుగవనాడు, ఏప్రిల్ 29వ తేదీన, అమెరికా సైన్యము డాకౌ శిబిరమును విడిపించెను. అప్పటికక్కడికి జేర్పబడియున్న యా యేడుగురు తల్లులును ఏడుగురు శిశువులును ప్రాణములతో నుండిరి.

మ్యూనిక్ నుండి డాకౌనకు రైలులో నరగంటకు మించి పట్టదు. అచటి స్మారకస్థలము జూచుటకు రుసుము లేదు. లంకలోని విమానమును జూడబోవు మన సోదరీమణులు డాకౌనకును ఒక పూట యుంచుకొనుట మంచిది.