బారు కత్తి ముందు

నాంపల్లి, శనివారం

తమ్ముడూ,

గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే నాంపల్లిలో దింపింది. పట్టాలు ఇక్కడితో ఆఖరు కాబట్టి సామాను దింపుకోవడానికి తొందర పడలేదు. స్టేషనుకు దగ్గర్లోనే లాడ్జి దొరికింది. ట్రైనింగ్ సోమవారం నుంచి. భోజనానికి ఇబ్బంది లేదని అమ్మకి చెప్పు. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే.

బయల్దేరేటప్పుడు నువ్వు అడిగింది రైల్లో పడుకున్నా బుర్రలోంచి పోలేదు. సోల్‌క్యాలిబర్ 6 వీడియో గేములో నీ టాకీ చేతిలో రెండు పొట్టి కత్తులు. అవతల నైట్‌మేర్ చేతిలో మనిషంత కత్తి. "దగ్గరికి పోకముందే చచ్చిపోతున్నానక్కా" అన్నావు. నీ ఆట చూశాను కదా, నాకు తోచింది చెప్తాను. అతని కత్తి మొన సరిగ్గా అందే చోటే నువ్వు ఎక్కువసేపు నిలబడుతున్నావు. ఇంకో అడుగు వెనక ఉంటే ఆ కత్తి గాలిని నరుకుతుంది. రెండడుగులు ముందుకెళ్తే అది లేచేలోపు నీ కత్తులే తగులుతాయి. ఆ మధ్య చోటు పూర్తిగా అతనిది. అక్కడ ఆగి ఆలోచించకు.

నీ అక్క


ఆబిడ్స్, ఆదివారం

తమ్ముడూ,

ఆదివారం ఇక్కడ చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. నీ కోసం రెండు బేరమాడి కొన్నాను. నాన్నగారికి ఇంకా ఏమీ దొరకలేదు.

తర్వాత ఒక సందులో, గంటకింత అని డబ్బు తీసుకుని పీఎస్ ఫోర్ ఆడనిచ్చే గది కనబడితే లోపలికి వెళ్ళాను. అక్కడ ఒక డిగ్రీ కుర్రాడు నైట్‌మేర్‌తో ఆడుతున్నాడు. నేను టాకీని తీసుకుని ఎదురు కూర్చున్నాను. ఆట మధ్యలోనే "జల్దీ నక్కో, దీదీ" అన్నాడు, తొందరపడొద్దని. ఓడించే మనిషే అంత ఓపిగ్గా నేర్పుతుంటే ఎంత ముచ్చటేసిందో!

అతను చెప్పింది నీకు అక్షరాలా పనికొస్తుంది. ట్రయాంగిల్ నొక్కితే నిలువు వేటు, స్క్వేర్ నొక్కితే అడ్డ వేటు అని నీకు తెలుసు. నిలువు వేటు ఒకే గీత మీద పడుతుంది. నువ్వు పక్కకి అడుగేస్తే చాలు, నీ పక్కన నేలకి తగులుతుంది. అందుకే తెలిసినవాడు నీ పక్కడుగు కోసం ఎదురుచూసి అడ్డ వేటు వేస్తాడు. దానికి పక్కకి పోకూడదు, కాచుకోవాలి. అది తలెత్తున వచ్చేదైతే కూర్చో, మీదుగా పోతుంది. అంటే అతని చేతిలో ప్రశ్నలు రెండే, నువ్వేమో రెండింటికీ ఎదురు పరిగెత్తడమే జవాబుగా ఇస్తున్నావు.

ఇక టైమింగ్. ఈ ఆటలో సెకనుకు 60 ఫ్రేములు. కంటికి కనబడింది చేతికి చేరడానికి మనిషికి పావు సెకను, అంటే సుమారు 15 ఫ్రేములు పడుతుంది. చిన్న పోట్లను చూసి ఆపడం ఎవరివల్లా కాదు. పెద్ద కత్తిని ఎత్తి వేసే వేటు మాత్రం చూసి తప్పుకోవచ్చు. అది తప్పిపోయాక కత్తి మళ్ళీ అతని చేతికి వచ్చేదాకా ఉండే ఖాళీయే నీది. ఆబిడ్స్‌లో రోడ్డు దాటేవాళ్ళను చూశాను. బస్సుకు ఎదురు పరిగెత్తరు, అది వెళ్ళిపోయాక దాని వెనకనే అడుగేస్తారు. నువ్వూ అలాగే వెళ్ళు.

లోపలికి వెళ్ళాక అతన్ని ఎగరగొట్టకు. నువ్వు సరదాకి వేసే ఆ పెద్ద తన్ను అతన్ని మళ్ళీ దూరంగా, తనకు కావలసిన చోటికే చేరుస్తుంది. చిన్న దెబ్బలతో అంటిపెట్టుకుని ఉండు. అతను కాచుకుంటూనే ఉంటే పట్టుకుని విసిరెయ్. వెనక బరి అంచు ఉంటే ఇంకా మంచిది, కింద పడితే ఆ రౌండు అయిపోయినట్టే.

అక్క


నాంపల్లి, బుధవారం

తమ్ముడూ,

ఇవాళ ట్రైనింగ్ తొందరగా వదిలారు. పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియానికి వెళ్ళాను. జనం ఈజిప్టు మమ్మీ కోసం వస్తారు. నేను ఆయుధాల దగ్గర ఆగిపోయాను. కటారు అనే బాకు సంగతి నీకు చెప్పాలి. దాని పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలి బిగించి పొడిస్తే మొన సూటిగా దిగుతుంది. బారు కత్తివాడి మీదకి అంత పొట్టిదానితో వెళ్ళాలంటే మొదటి వేటును దేనితోనో ఆపి తీరాలి. డాలు ఉన్నది అందుకే.

నీ డాలు ఎక్స్ బటన్. దానితో పాటు ముందుకి కూడా నొక్కితే గార్డ్ ఇంపాక్ట్. సరైన క్షణంలో పడితే అతని కత్తి పక్కకి పోతుంది, నువ్వు లోపల ఉంటావు.

ఇంకొకటి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన పక్క చెన్నై అమ్మాయి భవానీ దేవి సేబర్ పోటీలో ఆడింది. ఒలింపిక్స్ కత్తిసాములో మన దేశం నుంచి మొదటి మనిషి ఆమే. మొదటి పోటీ 15-3తో గెలిచి, రెండోది ఫ్రాన్స్ అమ్మాయి చేతిలో 7-15తో ఓడింది. సేబర్ ఎవరిదైనా 105 సెంటీమీటర్లు దాటకూడదు. కత్తి పొడుగులో తేడా లేని చోట కూడా వాళ్ళు ముందుకీ వెనక్కీ దూరం కొలుచుకుంటూనే ఉంటారు. వీడియో దొరికితే కత్తిని వదిలేసి పాదాలు చూడు.

ట్రైనింగ్ మోడ్‌లో నైట్‌మేర్ నిలువు వేటూ అడ్డ వేటూ రికార్డు చేసి, ఏది వస్తుందో తెలియకుండా పెట్టుకుని రోజూ కాసేపు తప్పుకో. తిరిగి కొట్టడం తర్వాత.

అదే ఆటలోని ఐవీ విషయంలో మాత్రం ఇది చాలదు. ఆమె కత్తి ముక్కలై సాగుతుంది కాబట్టి మొన ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం. ఆదివారం ఆ కుర్రాడిని అడిగి రాస్తాను. నాన్నగారికి ఇక్కడ చలి లేదని చెప్పు.

నీ అక్క