నేను తోలిన బండ్లు

మన సంఘం పత్రికకు ఏదైనా రాసి ఇవ్వమని సంపాదకవర్గంలో ఉన్న మిత్రులొకరు మూడేళ్లుగా అడుగుతున్నారు. బ్యాంకు ఆఫీసరు రాస్తే ఏం రాస్తాడు? వడ్డీ లెక్కలు రాయాలి, లేకపోతే ఫిక్సెడ్ డిపాజిట్ల గురించి రాయాలి. అవి చదివే ఓపిక మీకుండదని తెలుసు. అందుకని లెక్కలకంటే నాకు ఎక్కువ ఇష్టమైన మోటారుసైకిళ్ల సంగతి రాస్తున్నాను. బీకాం చదివినవాడి తెలుగు, అదీ ముప్పై ఏళ్లు నిండాక నేర్చుకున్న అక్షరాలు. తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పున, ఎట్టయాపురం పోయే దారిలో 9 కిలోమీటర్లు. తారు రోడ్డు దిగి ఇంకో 2 కిలోమీటర్లు లోపలికి పోవాలి. అంతా నల్లరేగడి. అరవంలో కరిసల్ కాడు అంటారు. పత్తి, మినుము, సజ్జ, మిరప, అంతే పంటలు. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగుదేశం నుంచి ఈ నేలకు వచ్చి స్థిరపడిన మనవాళ్ల గురించి 1976లో 'గోపల్ల గ్రామం' నవల రాశారు. మన పెద్దలు నడిచి వచ్చిన ఆ నేల మీదే నేను బండి తోలడం నేర్చుకున్నాను.

మొదటి బండి సువేగా. 1983లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా నాయన సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆయన కోవిల్‌పట్టిలో ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో కణక్కుపిళ్ల. అంతవరకు రోజూ సైకిలు తొక్కేవాడు. సువేగా మోపెడ్‌ను తిరుపతిలో తయారుచేసేవారు. ఈ సంగతి ఎవరో మా అమ్మకు చెప్పారు. అంతే, ఆ బండి మా అమ్మకు పుణ్యక్షేత్రం నుంచి వచ్చిన వస్తువైపోయింది. వెనక ఎక్కి కూర్చునేటప్పుడు 'గోవిందా' అనకుండా ఎక్కేది కాదు. పెడళ్లు తొక్కి స్టార్టు చేయాలి, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఇద్దరు కూర్చుంటే చిన్న మిట్ట దగ్గర కూడా పెడలు తొక్కి సాయం చేయాలి. మా ఇంట్లో దాని పేరు తిరుపతి బండి. నాయన మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు దొంగతనంగా తీసుకొనిపోయి చెరువుగట్టు మీద నేర్చుకున్నాను. లైసెన్సు లేదు, వయసు లేదు. ఇప్పుడు మా అబ్బాయికి ఆ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది.

కాలేజీలో ఉండగా మా మామ దగ్గర యెజ్డీ ఉండేది. మైసూరు బండి. కిక్కు కొట్టే రాడ్డూ, గేరు మార్చే రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. కొత్తవాళ్లకు ఇది అర్థమయ్యేటప్పటికి రెండుసార్లు చీలమండకు దెబ్బ తగిలేది. రెండు సైలెన్సర్లు. ఊళ్లోకి మామ వస్తున్నాడంటే అత్త ఉలవచారు పొయ్యి మీద పెట్టేది, అంత దూరం నుంచి వినబడేది. ఆ బండి నాది కాదు కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పే హక్కు నాకు లేదు.

1991లో బ్యాంకు పరీక్ష పాసై గుమాస్తాగా చేరాను. 1993లో యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాను, అదీ సెకండ్‌హ్యాండే. ఎస్కార్ట్స్ వాళ్లు 1985 చివరలో మొదలుపెట్టి 1996లో ఆపేసిన బండి అది. ఇంజను 98 సీసీ మాత్రమే, కాని 11 హార్స్‌పవర్. బండి తేలిక. యాక్సిలరేటరు తిప్పితే పరుగు పెట్టదు, దూకుతుంది. ఆ కాలపు కుర్రవాళ్లు ఈ పత్రిక చదువుతూ ఉంటే, ఆ శబ్దం ఇప్పుడు చెవిలో వినబడుతూ ఉండాలి.

నాయనకు నచ్చలేదు. హీరో హోండా సీడీ 100 కొనమని ఆయన పట్టు. అది ఫోర్ స్ట్రోకు, లీటరుకు 80 ఇస్తుందని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. నాది 40 ఇస్తే గొప్ప. ఆయన కణక్కుపిళ్ల కదా, నెలకు ఎంత పెట్రోలు, ఏడాదికి ఎంత అని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. నేనూ కామర్సు చదివినవాణ్ణే, లెక్కలో తప్పేమీ కనబడలేదు. అయినా ఆర్‌ఎక్స్ కొన్నాను.

"దుడ్లు నీవి, పెట్రోలు నీది. నన్ను మాత్రం దాని మీద కూర్చోమనకు" అన్నాడు. ఏడాదిన్నర ఆ మాట మీదే నిలబడ్డాడు. ఇద్దరం ఒకే సమయానికి కోవిల్‌పట్టికి బయలుదేరేవాళ్లం. ఆయన తిరుపతి బండి మీద ముందు, నేను ఆర్‌ఎక్స్ మీద వెనక. ఆయన్ను దాటి పోవడానికి మనసు రాక మెల్లగా పోతే బండి ముక్కేది.

1994 నవంబరులో వానలు బాగా పట్టాయి. ఒక సాయంత్రం మిరపచేలో నిలిచిన నీళ్లు తీసివేయడానికి పోయిన నాయనను రక్తపింజరి కరిచింది. ఇంటికి తీసుకువచ్చేటప్పటికి కాలు మోకాలి దాకా వాచింది. మంత్రం వేసే ముసలాయన్ను పిలుద్దామని ఊళ్లో పెద్దలు అన్నారు. మా అమ్మ ఎప్పుడూ వాళ్ల మాటకు ఎదురు చెప్పని మనిషి, ఆ రోజు మాత్రం "బండి తీయరా" అంది.

రేగడిమట్టి తడిస్తే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. చెప్పులకు అంటుకుంటేనే కాలు ఎత్తలేము. ఆర్‌ఎక్స్ చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి దట్టించి నూరు గజాలు పోకముందే ముందు చక్రం తిరగడం మానేసింది. పదకొండు హార్స్‌పవర్లూ ఆ బురదలో ఎందుకూ పనికిరాలేదు. చివరకు నలుగురు కుర్రవాళ్లు నాయనను నులకమంచం మీద పడుకోబెట్టి మోసుకుంటూ ముందు పోయారు. నేను చేత్తో, పుల్లతో మట్టి తీసుకుంటూ, బండిని తోసుకుంటూ, ఏడుస్తూ వెనక పోయాను. ఆ 2 కిలోమీటర్లకు ఎంతసేపు పట్టిందో తెలియదు.

తారు రోడ్డు ఎక్కాక నాయనను నాకూ అమ్మకూ మధ్య కూర్చోబెట్టాం. ఆయన పై తువ్వాలతోనే ఆయన్ను నా నడుముకు కట్టారు. ఆ 9 కిలోమీటర్లు నేను ఏమి తోలానో నాకు గుర్తు లేదు, ముల్లు 80 దగ్గర ఉండడం ఒక్కటే గుర్తు. చినుకులు సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. నాయన తల నా వీపు మీద వాలిపోయి ఉంది. పోయాడేమో అనుకున్నాను. అంతలో చెవి దగ్గర సన్నగా వినబడింది: "మెల్లగా పోరా, పెట్రోలు కాలిపోతుంది."

కోవిల్‌పట్టి సర్కారు ఆస్పత్రిలో విరుగుడు మందు ఎక్కించారు. వారం రోజులున్నాడు. ఇంటికి వచ్చాక ఒక రోజు కర్ర పట్టుకొని వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "బండి మంచిదే. మడ్‌గార్డు కొంచెం పైకి ఎత్తించు" అన్నాడు. నాయన నన్ను మెచ్చుకున్నది అంతే. తరువాత 2011లో పోయేదాకా ఆ రాత్రి గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

1999లో ప్రమోషను వచ్చి చిత్తూరు జిల్లాకు వేశారు. ఆర్‌ఎక్స్ అమ్మేశాను. ఒక తీప్పెట్టి ఆఫీసు యజమాని కొడుకు కొన్నాడు. మన వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసు అనే అంటాం కదా. ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఎక్స్‌కు లక్ష కూడా అడుగుతున్నారట. అది విన్నప్పుడల్లా మా ఇంటావిడ నా మొహం చూస్తుంది.

చిత్తూరులో స్ప్లెండర్ కొన్నాను. ఆ బండి గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. పదిహేనేళ్లు తోలాను, దారిలో ఒక్కసారి నిలబడలేదు. నాయన లెక్క చివరకు ఆ విధంగా నెగ్గింది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఆ స్ప్లెండర్ మీదే. మాట్లాడడం పుట్టినప్పటి నుంచీ వచ్చు, అక్షరం ఒక్కటీ రాదు. ఋణాల వసూలుకు పల్లెలకు పోతూ మైలురాళ్లు, బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు కూడబలుక్కున్నాను. నా మాట విని అక్కడివాళ్లు "మీరు అరవవాళ్లా సార్?" అనేవారు. కోవిల్‌పట్టిలో మనం వడుగులం. ఎక్కడికి పోయినా పక్కింటివాళ్లమే.

2003లో విరుదునగర్ బ్రాంచికి వచ్చాను, ఋణాల విభాగం. శనివారం సాయంత్రం స్ప్లెండర్ మీద కోవిల్‌పట్టికి, సోమవారం తెల్లవారి మళ్లీ విరుదునగర్‌కు. అప్పటికి అది ఏడో నంబరు జాతీయ రహదారి, రెండు లారీలు ఎదురైతే మనం మట్టిలోకి దిగాలి. విరుదునగర్ దాటేదాకా మిరపకాయల ఘాటు, తరువాత సాత్తూరు వైప్పారు వంతెన, ఎక్కువ రోజులు ఇసుకే. సాత్తూరులో ఆగి కారపు సేవు ఒక పొట్లం నాయనకు కొనుక్కొని పోవడం అలవాటు.

ఇప్పుడు రాయబోయేది మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2004లో సాత్తూరు వైపు కుర్రవాడొకడికి టీవీఎస్ విక్టర్ కొనడానికి ఋణం ఇచ్చాం. కాగితాల మీద సంతకం నాదే. సేవు డబ్బాలు రెండు వైపులా కట్టుకొని పల్లెలు తిరిగి అమ్ముకునేవాడు. ఏడాది సక్రమంగా కట్టాడు. తరువాత వాళ్ల అమ్మకు ఆపరేషను, వాయిదాలు ఆగిపోయాయి. అప్పటికే 2004 మార్చి నుంచి తొంభై రోజుల నిబంధన వచ్చింది. వాయిదా తొంభై రోజులు దాటితే ఆ ఋణం మొండిబాకీ కింద లెక్క, అంతకు ముందు 180 రోజులు గడువు ఉండేది. 2005 సెప్టెంబరు ఆఖరుకు మా లెక్కలు బాగా కనబడాలి. గడువు మార్చి ఇమ్మని ఒక పేజీ నోటు రాసి పైకి పంపే అధికారం నాకుంది. అమ్మ ఆపరేషను కాగితాలు కూడా వాడు తెచ్చి చూపించాడు. నేను రాయలేదు. నవంబరులో నాకు ప్రమోషను ఇంటర్వ్యూ ఉంది.

ఇంటికి పోయి బండి అడిగితే వాడు గొడవ పెట్టుకోలేదు. బండిని స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను అని ఒక ఉత్తరం రాయించుకోవాలి. అది నేనే రాశాను, వాడు సంతకం పెట్టాడు. డబ్బాలు కట్టే తాళ్లు విప్పుకున్నాడు. చొక్కా కొసతో టాంకు తుడిచి తాళం చేతికిచ్చి, "నిన్ననే పెట్రోలు పోయించాను సార్, విరుదునగర్ దాకా భయం లేదు" అన్నాడు.

ఆ బండిని బ్రాంచికి తోలుకువచ్చింది నేనే. 27 కిలోమీటర్లు. తోలితే తెలిసింది, వాడు దాన్ని ఎంత బాగా చూసుకున్నాడో. చెయినుకు ఆయిలు, టైర్లలో సరిగ్గా గాలి, బ్రేకు మెత్తగా. నేను నా స్ప్లెండర్‌ను కూడా అంత శ్రద్ధగా పెట్టుకోలేదు.

బ్రాంచి వెనక వేపచెట్టు కింద నిలబెట్టాం. పది రోజులకు ఆయుధపూజ వచ్చింది. మా అటెండరు సిబ్బంది బండ్లన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, ఆ విక్టర్‌కు కూడా పెట్టాడు. అది మనది కాదు అని చెప్పబోయి ఊరుకున్నాను. నాలుగు నెలల తరువాత వేలంలో పోయింది. నవంబరు ఇంటర్వ్యూలో నేను సెలెక్టు కాలేదనుకోండి, అది వేరే విషయం.

ఆ శనివారం సేవు పొట్లం చేతిలో పెడుతూ నాయనతో ఈ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇప్పుడు వాడు ఎట్ల పోతున్నాడు?"

"సైకిల్లో."

"సైకిల్లో పోతే కడపటి ఊరికి సాయంత్రమై పోతుంది కదరా. సేవు మెత్తబడితే ఎవరు కొంటారు?" అన్నాడు. ఆ పొట్లం ఆయన విప్పలేదు.

తరువాత చాలాసార్లు వాణ్ణి సాత్తూరు రోడ్డులో సైకిలు మీద చూశాను. ఒకటి రెండుసార్లు ఆగి సేవు కొన్నాను కూడా. తూకం సరిగ్గా ఇచ్చేవాడు, "బాగున్నారా సార్" అనేవాడు. ఆ తరువాత నాకు మళ్లీ బదిలీలు.

మిగిలింది క్లుప్తంగా చెబుతాను. 2007లో తమిళనాడులో హెల్మెట్టు తప్పనిసరి అన్నప్పుడు అందరితోపాటు నేనూ విసుక్కున్నాను. మా ఇంటావిడ మాత్రం ఆ రూలు తనే వేసినట్టు నడిపించింది. 2014లో స్ప్లెండర్‌ను తమ్ముడి కొడుక్కి ఇచ్చి జూపిటర్ స్కూటరు తీసుకున్నాను, మోకాలి నొప్పి వల్ల. గేరు లేదు, కిక్కు అవసరం లేదు. ఆ పాత రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసలయింది, దాని నంబరు కూడా 44 అయింది. దాని మీద స్కూటరు తోలాలంటే నాకు భయం. తిరుపతి బండి ఇప్పటికీ ఊళ్లో కొట్టంలో ఉంది. అమ్మమంటే మా అమ్మ ఒప్పుకోదు.

పోయిన తై నెలలో విరుదునగర్‌లో మన బంధువుల పెళ్లి. తాంబూలం సంచుల్లో వేయడానికి సేవు, కడలై మిఠాయి తెప్పించారు. చిన్న లోడు వండి ఒకటి మండపం వెనక ఆగింది. దాంట్లోంచి తల నెరిసిన మనిషి దిగాడు. నేను గుర్తు పట్టలేదు, అతనే గుర్తు పట్టాడు. వండి అతనిదేనట. ఇద్దరు కొడుకులూ అదే వ్యాపారంలో ఉన్నారట. కాఫీ తాగుతూ ఏవేవో మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఏ బండి సార్ అని అడిగితే స్కూటరు అని చెప్పాను. నవ్వాడు.

"ఆ విక్టర్ తరువాత నాలుగైదు బండ్లు మార్చాను సార్. వాటి నంబర్లేవీ జ్ఞాపకం లేవు. అది మాత్రం ఇప్పుడు అడిగినా చెబుతాను" అని నంబరు చెప్పాడు.

సరిగ్గానే చెప్పాడు. వేలం నోటీసులో ఆ నంబరు రాసింది నేనే, నాకూ జ్ఞాపకం ఉంది. ఆ మాట అతనితో అనలేదు. సంచులు దించడానికి మనుషులు రాలేదని అతను అటూ ఇటూ చూస్తుంటే, లేచి పోయి ఒక చేయి వేశాను.