గచ్చిబౌలి మైదానం

తుళ్లూరులో మా మద్రసా పిల్లలు పూర్వం పత్తికట్టె పీకిన చేలలో బంతి ఆడేవారు. 2015లో రాజధాని కొరకు జరిగిన భూసమీకరణలో ఆ చేలు రోడ్లకు, ప్లాట్లకు పోయినవి. కాబట్టి మొన్న వలీమాకు హైదరాబాదు వెళ్లినప్పుడు, వెంట వచ్చిన పదమూడేళ్ల విద్యార్థి "హజ్రత్, గచ్చిబౌలి స్టేడియం చూద్దామా?" అని అడిగితే కాదనలేకపోయాను.

అసర్ నమాజు ముగించుకొని వెళ్లాము. కాపలాదారు పది నిమిషాలు మెట్లపై నిలబడనిచ్చాడు. ఇంచుమించు ముప్పై వేల మంది కూర్చోగల ఆ ప్రాంగణంలో ఆ సాయంత్రం మేమిద్దరమే ఉన్నాము.

2002 జాతీయ క్రీడల కొరకు దీనిని నిర్మించి, ఆ ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టారు. మరుసటి ఏడు ఆఫ్రో-ఆసియా క్రీడలు ఇక్కడే జరిగినవి. మొదట పరుగుపందేలకై కట్టినది గనుక గడ్డి చుట్టూ ట్రాక్ ఉన్నది. ప్రేక్షకునికి బంతి దూరమే. ఫుట్‌బాల్‌కు ఇది కొంత లోపమని నాకు తోచినది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ దీనిని సొంత మైదానం చేసుకున్నది. ఒక్క సీజన్ గడిచిందో లేదో, కరోనా వచ్చిపడినది. పక్కనే ఉన్న క్రీడాగ్రామ భవనం ఆసుపత్రిగా మారినది. లీగ్ ఆటలన్నీ గోవాకు తరలినవి. 2022 మార్చిలో ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచి ఈ జట్టు విజేత అయినది. ఆ సీజన్‌లో సొంతగడ్డపై ఒక్క ఆటైనా ఆడకుండానే! 2025లో జట్టే ఢిల్లీకి వెళ్లిపోయినది.

"మరి ఇప్పుడు ఇది ఎవరిది?" అన్నాడు పిల్లవాడు.

జవాబుగా సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి చెప్పాను. ఆయనా నావలె ఉపాధ్యాయుడే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించినది. అప్పటికి గచ్చిబౌలిలో స్టేడియం లేదు. అతడు విన్నాడు గాని, చూపు గోల్‌స్తంభాల మీదనే ఉన్నది.

తిరిగి వచ్చిన మరునాడు మద్రసా వెనుక ఖాళీ ప్లాటులో నాలుగు ఇటుకలు పెట్టి గోళ్లు గుర్తించాడు. అసర్ తరువాత అరగంట ఆటకు అనుమతించాను. స్థలం యజమాని ఇల్లు ఎప్పుడు మొదలుపెడతాడో ఇంకా అడగలేదు.