సిగ్గు మూట మాకెందుకు?

చారిత్రక నవల అనగానే తెలుగు పాఠకుడికి ఒక బొమ్మ అలవాటైపోయింది. దర్బారు, అత్తరు, హుక్కా. గద్దె మీద ఒరిగిన నవాబు. ఎదుట ఘుంగ్రూలు కట్టిన తవాయఫ్. అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకుని మేమూ ఆ నవలలు చదివినోళ్ళమే. ఆ మహల్ కోసం కర్నూలులో, కడపలో ఎంత వెదికినా మాకు దొరకలేదు. దొరికింది బండల ఫ్యాక్టరీ దుమ్ముకు దగ్గే చిచ్చాలు, బీడీలు చుట్టే ఖాలాలు, దూది ఏకి బతికిన దూదేకుల ఇళ్ళు. కర్నూలు నవాబును కుంపిణీవాళ్ళు 1839లోనే దించేశారు. నవలల్లో మాత్రం మా ఆడది ఇంకా పరదా చాటునో, ముజ్రాలోనో ఉంది. ఆ రెంటికీ నడుమ ఆమెకు ఒక ఇల్లు, ఒక పని, ఒక పేరు లేవు.

అలాగని ఆ తవాయఫ్‌ను చూసి మేం తల దించుకోవాలా?

మహలఖా బాయి చందా (1768-1824) తల దించుకోలేదు. 1800లో నిజాం మా కడప సీమను కుంపిణీకి రాసిచ్చిన కాలంలో ఆమె హైదరాబాదు దర్బారులో ఉంది. పాడింది, ఆడింది, గజళ్ళు రాసింది. సైన్యం వెంట యుద్ధాలకు కదిలింది. జాగీర్లు ఏలింది. 1798 నాటికే 125 గజళ్ళతో దీవాన్ కూర్చింది. దాని రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పెళ్ళి చేసుకోలేదు. మౌలాలి గుట్ట కింద తల్లికి సమాధి కట్టించి, తానూ ఆ పక్కనే నిద్రపోతోంది. ఇంత బతుకున్న మనిషి పేరు మా ఇళ్ళలో వినిపించదు. "షరీఫ్ ఖాందాన్లలో అలాంటి పేర్లు ఎత్తరాదు" అంటారు మా పెద్దలు. 1899లో మీర్జా హాదీ రుస్వా రాసిన 'ఉమ్రావ్ జాన్ అదా'లో లక్నో తవాయఫ్ తన కథ తానే చెప్పుకుంటుంది. మేం మాత్రం ఆమె పేరు చెప్పడానికే గుసగుసలాడతాం.

ఇందులో తప్పు మా పెద్దలది ఒక్కరిదే కాదు. కన్యాశుల్కంలో మధురవాణిని తెలుగువాళ్ళంతా నెత్తిన పెట్టుకున్నారు. మేమూ పెట్టుకున్నాం. ఆమెను చూసి హిందువుల ఆడవాళ్ళంతా ఇంతే అని ఎవరూ అనలేదు. మధురవాణి మధురవాణిగానే వచ్చింది. మా తవాయఫ్‌కు ఆ భాగ్యం లేదు. ఆమె రంగం మీదికి వస్తే వెనకాల మా జాతి మొత్తాన్నీ నిలబెడతారు. నవాబు కామం మా కామమవుతుంది, ఆమె ఆట మా ఇంటి ఆటవుతుంది. ఆ భయంతోనే మా పెద్దలు ఆమెను దాచేశారు. ఆమె పడని సిగ్గును మూటగట్టి మా ఆడపిల్లల నెత్తిన పెట్టారు.

ఈ సీమకు ఇంకో చూపు కూడా ఉంది. ఉగాదినాడు దేవుని కడప గుడికి మావాళ్ళు టెంకాయలు పట్టుకుని పోతారు. ఎందుకంటే వెంకటేశ్వరుడు మా అల్లుడు, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ. ఆమె ఎవరినీ అడక్కుండానే మనసిచ్చింది. అందుకు ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. పుట్టినింటివాళ్ళూ వదులుకోలేదు, మెట్టినింటివాళ్ళూ వెళ్ళగొట్టలేదు.

నవలలు రాసే అన్నలారా, అక్కలారా! మహలఖాను రాయండి, సిగ్గులేకుండానే రాయండి. కానీ ఆమెను ఆమెగా రాయండి, మా అందరికీ బదులుగా కాదు. బీడీలు చుట్టే మా ఖాలాలకు కూడా కథలున్నాయి. మీరు రాయకుంటే మేమే రాస్తాం.