మునిగే నేలకో పేరు

ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు పసిఫిక్ మహాసముద్రం పటం చూపిస్తున్నాను. ఒక పిల్ల వేలు పెట్టి, “సార్, ఇది ఈగ వేసిన మచ్చా?” అంది. అందరూ నవ్వారు. అది తువాలు దేశం.

తొమ్మిది దీవులూ కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. జనం 11 వేలకు అటూ ఇటూ. తువాలు అంటే ‘కలిసి నిలబడ్డ ఎనిమిది’ అని అర్థం. మొదట్లో ఎనిమిది దీవుల్లోనే మనుషులుండేవారు. 1978లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. అక్కడ కొండ లేదు, వాగు లేదు. ఎంత ఎత్తు చోటైనా అయిదు మీటర్లు దాటదు. తాగేది వాన నీళ్లే. మనం తాటిచెట్టు గీసినట్టు వాళ్లు కొబ్బరిచెట్టు గీస్తారు. పులక అనే చేమదుంప లాంటి దుంపను లోతు గుంటల్లో ఆకు ఎరువు వేసి పెంచుతారు. రాజధాని ఫునాఫుటిలో విమానం దిగే దారి మీదే సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటారు. సైరన్ మోగితే పక్కకు తప్పుకుంటారు.

ఇప్పుడు సముద్రం పెరిగి ఆ పులక గుంటల్లోకి అడుగు నుంచి ఉప్పునీరు ఊరుతోంది. ఇది చెబుతూ నేను ఆగిపోయాను.

మాది గోదావరి ఒడ్డు కోయ ఊరు. ప్రాజెక్టు ముంపులో పోయింది. కాలనీలో ఇల్లిచ్చారు. ఇప్పచెట్లు, వేల్పుల చోటు ఎవరిస్తారు? మా అవ్వ ఒక కాగితం కోసం ఆఫీసుకు వెళ్తే, “మీ ఊరు ఇప్పుడు లేదమ్మా” అన్నారట. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

తువాలు వాళ్లు 2023లో తమ రాజ్యాంగంలో ఒక మాట రాసుకున్నారు. సముద్రం నేలను మింగినా తమ దేశం ఉంటుందని. అదే ఏడు ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకున్నారు. ఏటా 280 మంది దాకా అక్కడికి వెళ్లి బతకొచ్చు, కావాలంటే తిరిగి రావచ్చు. పోవాలో ఉండాలో ఎవరికి వారే తేల్చుకుంటారు. మమ్మల్ని అలా ఎవరూ అడగలేదు.

వాళ్లను ముంచుతున్నది ఎవరో కాల్చిన బొగ్గు, చమురు. మమ్మల్ని ముంచింది ఎవరి పొలాలకో పోయే నీళ్లు. వాళ్లు మాత్రం మునగకముందే పేరు రాసి పెట్టుకున్నారు.

మర్నాడు పిల్లలందరినీ తమ పాత ఊరి పేరు, వాగు పేరు, గట్టు పేరు నోటుబుక్కులో రాయమన్నాను. ఈగ మచ్చ అన్న పిల్ల కలం పట్టుకుని అలాగే కూర్చుంది. కాలనీలో పుట్టిన పిల్ల. తనకు ఆ పేర్లు తెలియవు.

“ఇంటికెళ్లినప్పుడు మీ అవ్వనడిగి రాసుకురా అమ్మా” అన్నాను.