రెండుంబావు గంటలు

1994లో నాన్నగారి ప్రాణం మీదికి వచ్చిందని మునిర్కాలోని మా ఇంటికి తంతి అందింది. ఆ సాయంత్రమే ఏ.పీ. ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. 1976లో మొదలైన ఆ బండి నేడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్. ఒక రాత్రి, ఒక పగలు గడిచి మేము హైదరాబాదు చేరేసరికి దహనసంస్కారం ముగిసింది. విమానాలు అప్పుడూ ఉండేవి. ఛార్జీలే మా జీతానికి అందేవి కావు.

ఆకాశమార్గాన ఈ రెండు నగరాల నడుమ దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. విమానంలో రెండుంబావు గంటల ప్రయాణం. 2018లో మునిర్కాకు మెట్రో వచ్చిన పిమ్మట విమానాశ్రయపు ఒకటో టెర్మినల్ సైతం చేరువైనది.

మొన్న అమ్మకు జబ్బు చేసిందని తెలిసి ఉదయాన బయలుదేరిన మేము మధ్యాహ్నానికే ఆమె మంచం పక్కన కూర్చున్నాము.

“అప్పుడే వచ్చేశారా?” అని అమ్మ తెల్లబోయింది. కొంతసేపటికి, “మీ నాన్నగారు ఆనాడు గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయారు” అన్నది.

మేము బదులు పలుకలేకపోయాము.